మన యిండ్ల నేలలు – సబ్‌వూఫర్ అదురు

ఒకప్పుడు మన యిండ్లలో రేడియో గోడ గూటిలోనో, బల్లమీదనో వుండేది. దాని పాటకు యింటి నేలతో నిమిత్తం లేదు. మృదంగం వాయిస్తే వలంతల టకటకలు వినిపించేవి గాని తొప్పి మోత సగానికి సగం గాలిలోనే కలిసిపోయేది. ఆ చిన్న పెట్టెకు అంత మంద్రధ్వని పలికే శక్తి లేదు.

యిప్పుడు సంగతి వేరు. నాందేడులో మన తెలుగు కుటుంబాల హాళ్లలో పెద్ద టెలివిజన్, దానికింద పొడుగాటి సౌండుబారు, మూలన ఒక నల్లని చదరపు పెట్టె సామాన్యమైపోయినవి. ఆ నల్లని పెట్టెయే సబ్‌వూఫర్. అది వచ్చిన నాటినుండి మూడు రకాల ఫిర్యాదులు వినబడుతున్నవి. "అంగట్లో విన్న గంభీరత యింట్లో లేదు" అని ఒకరు. "పాటకన్న అలమారా గిన్నెల మోతే యెక్కువ" అని మరొకరు. "కింది యింటివారు వచ్చి తలుపు తట్టారు" అని యింకొకరు. మూడింటికీ అంగడివారు చెప్పే మందు ఒక్కటే: పెట్టెకింద వేసే మెత్తని పీట. దానినే ఐసొలేషన్ ప్లాట్‌ఫారం అంటున్నారు. కొన్ని వేల రూపాయల వస్తువు.

ఆ పీట మంచిదా కాదా అనే ప్రశ్న అసలు ప్రశ్న కాదు. మీ పెట్టె యే నేలమీద వున్నది? అది ముందు తేల్చుకోవాలి. కొన్ని నేలలమీద ఆ పీట మేలు చేస్తుంది. కొన్నింటిమీద చేయడానికి దానికి పనే వుండదు.

ధ్వనికి రెండు దారులు

మనిషి చెవికి వినబడే ధ్వనులలో అతి మంద్రమైనవి సెకనుకు సుమారు 20 కంపనాల నుండి మొదలవుతవి. సబ్‌వూఫర్ పలికేది అక్కడినుండి సుమారు 120 కంపనాల వరకు. సినిమాలలో యీ ధ్వనికి పెద్దపీట వేసిన చిత్రాలలో 1974లో అమెరికాలో వచ్చిన ‘ఎర్త్‌క్వేక్’ ఒకటి. భూకంపం తెరమీద కనబడుతుంటే హాలులో కుర్చీలు కూడా అదరాలని ‘సెన్‌సరౌండ్’ అనే యేర్పాటుతో పెద్ద పెద్ద స్పీకర్లు అమర్చారు. హాలుకు సరిపోయిన ఆ వినోదం చిన్నదై యింట్లోకి వచ్చింది.

పెట్టెలోని తెర ముందుకూ వెనుకకూ కదిలి గాలిని నెడుతుంది. అది గాలి దారి. తెర ముందుకు పోయినప్పుడల్లా పెట్టె తాను కొద్దిగా వెనుకకు తన్నుకుంటుంది. ఆ తాపు కాళ్లగుండా నేలలోకి దిగుతుంది. అది నేల దారి.

వంటింటిలో యిది మనకు తెలిసిన విషయమే. కడప బండ గట్టుమీద మిక్సీ పెట్టి కొబ్బరి పచ్చడి తిప్పితే గట్టు గట్టంతా బిర్రుమంటుంది. కింద పాతగుడ్డ నాలుగు మడతలు వేసి పెడితే గట్టు మోత తగ్గుతుంది, పక్కనున్న గ్లాసులు గలగలమనడం మానుతవి. కాని మిక్సీ గొంతు తగ్గుతుందా? తగ్గదు. గుడ్డ నేల దారిని మూసింది, గాలి దారిని ముట్టలేదు. సబ్‌వూఫర్ కింద వేసే పీట చేసే పనీ యింతే, చేయలేని పనీ యింతే.

నాందేడులో మూడు నేలలు

మన వూరి యిండ్లలో ముఖ్యంగా మూడు విధాల నేలలు కనబడతవి.

మొదటిది, భూమిమీద పరిచిన బండల నేల. కలబురగి జిల్లా షాబాదు నుండి వచ్చే బండలను యిక్కడివారు ఫర్షీ అంటారు. మనవాళ్లూ ఆ మాటే వాడుతున్నారు. తాండూరు బండలు కూడా యిదే జాతి. దిమ్మిసతో కొట్టి గట్టిపరచిన మట్టిమీద, సున్నంతోనో సిమెంటుతోనో అదిమి పరచిన బండ కింద మరి భూమియే వున్నది. పదిహేను యిరవై కిలోల పెట్టె ఆ నేలను కదిలించలేదు. యిటువంటి గదిలో పీట వేసినా తీసినా వినికిడిలో చెప్పుకోదగ్గ తేడా దొరకదు. అటువంటి యింటివారు ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

అయితే ఒక చిక్కు. నాందేడు చుట్టుపక్కల నల్లరేగడి. వానకు వుబ్బి, యెండకు కుంచించుకుపోయే గుణం దానిది. పునాది మట్టి సరిగా నింపని యిండ్లలో కాలక్రమాన కొన్ని బండల కింద బోలు యేర్పడుతుంది. బండను వేలిముణుకుతో గాని కర్రతో గాని తట్టి చూడండి. గట్టిచోట పొట్టి శబ్దం వస్తుంది. బోలుచోట కుండను తట్టినట్లు వుంటుంది. పెట్టె ఆ బోలుబండమీద కూర్చున్నదంటే పాటలో లేని గుడగుడ పుడుతుంది. పెట్టెను ఒక మూర పక్కకు జరపడం, వీలైతే మేస్త్రీచేత ఆ బండ తీయించి మళ్లీ అదిమించడం దానికి మందు.

రెండవది, పాత వాడాలలోని కొయ్య మాడి. టేకు దూలాలు, వాటిమీద పలకలు, పైన మట్టి పరుపు. పిల్లవాడు గెంతితే గోడవార అలమారా అద్దాలు గలగలమంటవి. యిటువంటి నేల డోలు తోలువంటిది. సబ్‌వూఫర్ తాపు తీసుకుని తానూ మోగుతుంది. పాటలో దరువు ఆగిన తర్వాత కూడా క్షణంసేపు వూగుతూ వుంటుంది. అంచేత దరువు ముద్దముద్దగా వినిపిస్తుంది. మరో వైపు, వంగే నేల మంద్రధ్వనిలో కొంత తానే మింగుతుంది కూడా. పీటవల్ల నిజమైన లాభం కలిగేది యిక్కడ. అలమారా మోత తగ్గి, దరువు దరువుగా విడివడుతుంది.

యిది మన పద్మశాలి కుటుంబాల పెద్దలకు వింతగా తోచదు. గుంట మగ్గం గుంజలు నేలలో పాతివుంటవి. పలక దెబ్బ భూమిలోకి పోతుంది. అదే మగ్గాన్ని మాడిమీద చట్రంలో పెట్టి ఆడిస్తే యిల్లంతటికీ తెలిసేది. మగ్గం మారలేదు, కింది ఆధారం మారింది.

మూడవది, స్లాబు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారిలో వచ్చిన భూకంపంలో రాతిమట్టి గోడల యిండ్లు కూలి వేలాదిమంది చనిపోయారు. ఆ భయం మరాఠ్వాడా జనం మరువలేదు. సిమెంటు స్తంభాలు, స్లాబుల యిండ్లు పెరుగుతూ వచ్చినవి. యిప్పుడు అపార్టుమెంట్లు. స్లాబు కొయ్యకన్న చాలా గట్టిది. కాని నాలుగు గోడలమీద ఆనివున్న పలకయే గనుక భూమివలె నిశ్చలం కాదు. దానిమీద మెరిసే టైల్సు వున్నా, మొజాయిక్ వున్నా, పాత ఫర్షీ వున్నా మంద్రధ్వనికి భేదం లేదు. అవి పైచర్మం మాత్రమే. వంగేది కింది స్లాబు.

మనకు నేల అయిన స్లాబు కిందివారికి పైకప్పు. అది వెంట్రుకవాసి కదిలినా అంత పెద్ద పలక కింది గదిలోని గాలిని నెడుతుంది. అంటే మన సబ్‌వూఫర్ కిందివారి నెత్తిమీద మరో పెద్ద స్పీకరును ఆడిస్తున్నదన్నమాట.

నేలయే ధ్వని పుట్టించడం నాందేడు ప్రజలు స్వయంగా విన్న విషయం. 2007 నవంబరు నుండి నగరంలో కొన్ని పేటలలో భూమిలోనుంచి వురుమువంటి శబ్దాలతో చిన్న చిన్న ప్రకంపనాలు మొదలైనవి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు వచ్చి యంత్రాలు అమర్చి పరిశీలించారు. ఆ కంపనాలు చిన్నవే. కాని దగ్గరలో, లోతు తక్కువలో పుట్టినవి గనుక నేల పైభాగం స్పీకరు తెరవలె ఆడి చెవికి వినబడే శబ్దం చేసింది. జనాన్ని భయపెట్టినది అదురు యెంతో, ఆ మోత అంత. కింది యింటిలో పడుకున్న ముసలివారికి మన సినిమాలోని పిడుగు యెట్లా వినిపిస్తుందో దీనినిబట్టి వూహించుకోవచ్చు.

జంబుఖానా మాట

కొందరు సబ్‌వూఫర్ కింద మందమైన జంబుఖానా పరిచి పని అయిందనుకుంటారు. జంబుఖానా పనికిరానిది కాదు. బండల నేలగల ఖాళీ హాలులో మాటలు మారుమోగి తెలియకుండా పోతవి. జంబుఖానా పరిస్తే సంభాషణలు స్పష్టపడతవి. కాని అది పీల్చుకునేది పై స్థాయి ధ్వనులను. సెకనుకు 40 కంపనాల ధ్వని అల పొడవు యెనిమిదిన్నర మీటర్లు. అంత పెద్ద అలకు అర అంగుళం నూలు గుడ్డ వున్నదీ లేనిదీ తెలియదు.

అడుగున బిగించే మొనదేలిన యినుప మేకులూ యింతే. అవి పెట్టెను కదలకుండా నిలుపుతవి. అదురును ఆపవు సరిగదా, చక్కగా నేలలోకి దింపుతవి. పైగా షాబాదు బండమీద గీతలు పడతవి.

పీట పనిచేసే తీరు

దీనికి పెద్ద చదువు అక్కరలేదు. ఒక రబ్బరు పట్టీకి తాళంచెవుల గుత్తి కట్టి వేలాడదీయండి. చేయి మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తే గుత్తి చేతితోపాటే ఆడుతుంది. చాలా వేగంగా ఆడిస్తే చేయి ఆడుతుంది గాని గుత్తి వున్నచోటనే నిలుస్తుంది. యీ రెంటికీ నడుమ ఒక వేగం వున్నది; ఆ వేగానికి గుత్తి చేతికన్న యెక్కువగా యెగిరిపడుతుంది. దానిని ఆ పట్టీ, గుత్తుల సహజవేగం అనవచ్చు.

పెట్టె, దానికింది రబ్బరు కూడా యిట్లాగే. వాటి సహజవేగానికి సుమారు ఒకటిన్నర రెట్లు దాటిన తర్వాతనే రబ్బరు అదురును ఆపడం మొదలుపెడుతుంది. సహజవేగం దగ్గర అయితే ఆపకపోగా పెంచుతుంది.

సహజవేగం తెలుసుకోవడానికి కొలబద్ద చాలు. పెట్టె బరువుకు రబ్బరు యెంత అణిగిందో చూడాలి. పావు మిల్లీమీటరు మాత్రమే అణిగితే సహజవేగం సెకనుకు సుమారు 32. ఒక మిల్లీమీటరు అణిగితే 16. మూడు మిల్లీమీటర్లు అణిగితే 9. నిజానికి రబ్బరు ఆడేటప్పుడు నిలిచివున్నప్పటికన్న కొంచెం బిగువుగా వుంటుంది గనుక యీ అంకెలు యింకా కొంత పెరుగుతవి.

యిప్పుడు చూడండి. గట్టి రబ్బరు బిళ్లలు నాలుగు తెచ్చి పెట్టామనుకుందాం. అవి పావు మిల్లీమీటరే అణిగినవి. సబ్‌వూఫర్ యెక్కువగా పలికేది 30, 40 కంపనాల దగ్గరనే గదా! సరిగ్గా అక్కడనే ఆ బిళ్లలు అదురును పెంచుతవి. డబ్బు పెట్టి రోగం కొనుక్కున్నట్లు. అదే మూడు మిల్లీమీటర్లు అణిగే మెత్తని రబ్బరు అయితే 30 కంపనాల ధ్వనిలో నేలకు దిగే తాపు లెక్కప్రకారం పదోవంతుకు పడిపోతుంది. కనుక "రబ్బరే గదా, యేదైనా ఒకటే" అనుకోరాదు. మరీ మెత్తన కూడా పనికిరాదు. పూర్తిగా నలిగిపోయిన స్పాంజి గట్టి చెక్కతో సమానం, పెట్టె వొరిగి పసిపిల్లలమీద పడే ప్రమాదమూ వున్నది.

బజారులో దొరికేవి రెండు తరహాలు. ఆరాలెక్స్ కంపెనీ ‘సబ్‌డ్యూడ్’ వంటివి నురుగు దిమ్మెలమీద చెక్క పలక వేసిన పీటలు. యెస్.వి.యెస్. కంపెనీ ‘సౌండ్‌పాత్’ వంటివి పెట్టె కాళ్లు విప్పి వాటి స్థానంలో బిగించే రబ్బరు కాళ్లు. మరికొన్ని సబ్‌వూఫర్లలో రెండు తెరలను యెదురెదురు వైపులకు అమరుస్తారు. ఒకటి యిటు తన్నితే రెండవది అటు తన్ని, తాపుకు తాపు చెల్లిపోతుంది. అటువంటి పెట్టెకు పీట అవసరం చాలా తక్కువ.

యింట్లో చేసుకోదలచినవారికి మన ఫర్షీయే చక్కని సాధనం. రెండడుగుల చదరం, అంగుళం మందంగల షాబాదు బండ దాదాపు 25 కిలోలు తూగుతుంది. నాలుగు మూలలా మెత్తని రబ్బరు దిమ్మెలు పెట్టి, వాటిమీద ఆ బండ, బండమీద సబ్‌వూఫర్. బరువు పెరిగినకొద్దీ రబ్బరు యెక్కువగా అణిగి సహజవేగం తగ్గుతుంది. పెట్టె తన్నుకోవడమూ తగ్గుతుంది. బండ అంచులు నూరించుకోవాలి. యిద్దరు మనుషులు పట్టి దింపాలి. ఒంటరిగా యెత్తి నడుము పట్టించుకోవద్దు.

పీట చేయలేనిది

అంగట్లో విన్న గంభీరత యింట్లో లేదన్న మొదటి ఫిర్యాదుకు పీట మందు కాదు. ఆ లోపం గదిలో వున్నది. పదిహేను అడుగుల పొడవుగల గదిలో 38 కంపనాల దగ్గరి ధ్వని గోడలమధ్య నిలబడిపోతుంది. పన్నెండు అడుగుల వెడల్పుకు 47 దగ్గర. అటువంటి ధ్వని గోడవార కూర్చున్నవారికి హోరుగాను, గది నడుమ కూర్చున్నవారికి సన్నగిలీ వినిపిస్తుంది. ఒకే గదిలో అన్న హోరంటాడు, తమ్ముడు లేదంటాడు. యిద్దరిదీ నిజమే.

దీనికి ఖర్చులేని వుపాయం ఒకటున్నది. సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే కుర్చీ దగ్గర పెట్టి, దరువుగల పాట వేసి, గోడవెంట నెమ్మదిగా కదులుతూ వినండి. యెక్కడ మంద్రం సమంగా, స్పష్టంగా వున్నదో అక్కడ పెట్టెను పెట్టి, మీరు మీ కుర్చీలోకి వెళ్లండి. పెట్టె వుండే యెత్తులో చెవి పెట్టి వినాలి గనుక నేలమీద పాకవలసివస్తుంది. ఆ పని మనుమలకు అప్పగించండి. గది మూలలో పెడితే మోత పెరుగుతుంది గాని హోరు కూడా పెరుగుతుంది. రెండు పెట్టెలు పెట్టగలవారు యెదురెదురు గోడల మధ్యభాగాలలో పెడితే గదిలో నలుగురికీ దాదాపు సమంగా వినిపిస్తుందని హార్మన్ కంపెనీలో టాడ్ వెల్టీ 2002 ప్రాంతంలో చేసిన పరిశోధనలు చూపినవి.

పీట వేసిన మొదటిరోజున కొందరు "బేస్ తగ్గిపోయింది" అంటారు. తగ్గింది చెవికి వచ్చేది కాదు, పాదాలకు వచ్చే అదురు. రెండు మూడు రోజులు విని తర్వాత తీర్పు చెప్పాలి.

యిరుగుపొరుగు

చివరి ఫిర్యాదే అన్నిటికన్న పెద్దది. మన కుటుంబాలు యీ వూళ్లో తరతరాలుగా మరాఠీవారి నడుమ, సిక్కుల నడుమ, వుర్దూ మాట్లాడేవారి నడుమ సఖ్యంగా బతికినవి. ఒక నల్లపెట్టె ఆ సఖ్యానికి గండి కొట్టరాదు.

2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగటికి 55, రాత్రికి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రి అంటే పది గంటలనుండి పొద్దున ఆరువరకు. అయితే సెల్‌ఫోనులోని కొలమానం చూపి "మేము హద్దులోనే వున్నాము" అని వాదించడం న్యాయం కాదు. ఆ లెక్కకు వాడే కొలత 40 కంపనాల ధ్వనిని దాదాపు 34 డెసిబెళ్లు తగ్గించి చూపుతుంది. అంకె చిన్నదే వుంటుంది. కింద మంచం అదురుతూనే వుంటుంది.

అందుకని కొలమానం బదులు మనిషిని పెట్టండి. కిందివారితో ముందే చెప్పి, మీ యింటివారొకరు వారి గదిలో కూర్చోవాలి. పైన ఒకే పాట, ఒకే వాల్యూమ్‌లో, ఒకసారి పీటతో, ఒకసారి పీట లేకుండా వేయాలి. యేది యేదో కింద కూర్చున్నవారికి చెప్పకూడదు. తేడా తెలిస్తే పీట నేల దారిని మూసినట్లు, వుంచుకోండి. తెలియకపోతే అదురు గాలిగుండా పోతున్నది. అప్పుడు పెట్టెను మూలనుంచి యివతలకు జరపడం, దాని వాల్యూమ్ తగ్గించడం, రాత్రి పది తర్వాత దానిని ఆపి మిగతా స్పీకర్లతో చూడడం, యివే మార్గాలు. కింద పరీక్షలకు చదివే పిల్లలో, బాలింతో, జబ్బుమనిషో వున్నప్పుడు పది గంటలదాకా ఆగనక్కరలేదు.

కనుక వరుస యిది. ముందు నేల తట్టి చూడండి. అలమారాలో మోగే గిన్నెల నడుమ గుడ్డ పెట్టండి. పెట్టెకు చోటు వెదకండి. వాల్యూమ్ దించి చూడండి. యింతా చేసి, మీది మాడియో స్లాబో అయి అదురు యింకా మిగిలితే అప్పుడు అంగడికి వెళ్లండి. సబ్‌వూఫర్ బరువు కాగితంమీద రాసుకుని, జేబులో ఒక కొలబద్ద వేసుకుని వెళ్లండి. అంత బరువు కింద రబ్బరు యెన్ని మిల్లీమీటర్లు అణుగుతుందో చూపమని అడగండి.